పాత పెట్టె నుండి క్రొత్త సర్వరుకు

(కాంపౌండు సంస్థల కార్యకర్తల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నాకిచ్చిన విషయము విని కొందరు నవ్వినారు. "అయ్యగారూ, మీరు వేదాంత కళాశాలలో చదివినది ఇదేనా?" అని ఒక పెద్దాయన గుమ్మము దగ్గరే అడిగినారు. కాదండీ. అక్కడ గ్రీకు నేర్పినారు, సంఘ చరిత్ర నేర్పినారు. వైఫై పెట్టెను ఎట్లు మార్చవలెనో ఎవరును నేర్పలేదు. కాని కాంపౌండు కమిటీ కార్యదర్శి పని అప్పగించినప్పుడు నీళ్ల మోటారుతోను, కూలిన ప్రహరీగోడతోను పాటు ఇదియు నా నెత్తిన పడినది. పడిన తరువాత నేర్చుకొన్నాను. నేర్చుకొన్నది తప్పులతో సహా మీకు చెప్పెదను. ఎందుకనగా మీలో చాలామంది బడులకో, హాస్టళ్లకో, ఆసుపత్రులకో బాధ్యులు. ఇట్టి పెట్టె మీ బీరువా వెనుక కూడ ఒకటి ఉండవచ్చును.

ముందు ఆ పెట్టె ఏమిటో చెప్పవలెను. మన కార్యాలయములో, హైస్కూలులో, బాలికల హాస్టలులో కప్పులకు తెల్లని పళ్లెముల వంటివి తగిలించి ఉన్నవి గదా. అవి వైఫైని అందించు యాక్సెస్ పాయింట్లు. మొత్తము 11. యూబిక్విటీ అను అమెరికా సంస్థవారి యూనిఫై రకము. పదకొండింటిని ఒక్కొక్కటిగా నిచ్చెన వేసికొని దిద్దనక్కరలేకుండ, ఒక్కచోట కూర్చుండి అన్నిటిని నడిపించు సాఫ్ట్‌వేరు ఒకటి కలదు. దానిని కంట్రోలరు అందురు. ఏ గదిలో ఏ పేరుతో వైఫై రావలెను, దాని పాస్‌వర్డు ఏమి, హాస్టలు పిల్లలకిచ్చు ఓచరు చీటీ ఎన్ని గంటలు పని చేయవలెను, ఇవన్నియు దాని లెక్కలలోనే ఉండును.

ఈ సాఫ్ట్‌వేరు నడుచుటకు ఆ సంస్థవారే క్లౌడ్ కీ అను చిన్న పెట్టెను అమ్మినారు. మనము కొన్నది మొదటి తరముది. పిల్లల జామెట్రీ బాక్సులో సగము కూడ ఉండదు. నెట్‌వర్కు తీగలోనుండియే దానికి కరెంటు అందును. ప్రక్కన మెమరీ కార్డు పెట్టుకొనుటకు సన్నని సందు ఒకటి. లోపల 2 జీబీ మెమరీ. అంతటి చిన్న పెట్టెను చూచి ఇంత కాంపౌండును ఇదేనా నడుపుచున్నదని మొదట నాకును నమ్మకము కలుగలేదు.

2018లో రెండవ తరము పెట్టె బయటికి వచ్చినది. మొదటి తరముది తయారగుట ఆగిపోయినది. కంట్రోలరు సాఫ్ట్‌వేరులో 2022లో వచ్చిన 7.2 వరుసయే ఆ పాత పెట్టెకు ఆఖరిది. ఆ పైన వచ్చిన కూర్పులు దానిలోనికి ఎక్కవు. ఇది దాచిన సంగతి కాదు, అందరికి తెలియజేసినదే. మనము చూచుకొనలేదు, అంతే.

కమిటీలో నేను ఈ మాట ఎత్తినప్పుడు మన కోశాధికారిగారు, "దీపము వెలుగుచున్నది గదా అయ్యగారూ, పని చేయుచున్నదానిని ఎందుకు మార్చవలెను?" అన్నారు. ఆయనను తప్పుపట్టను. పని చేయుచున్న ఫ్యానును ఎవరు విప్పుదురు? అయితే ఫ్యాను పాతదైనంత మాత్రమున బయటివాడు లోనికి రాలేడు. సాఫ్ట్‌వేరు సంగతి వేరు. 2021 డిసెంబరులో లాగ్ ఫోర్ జే అను ఒక చిన్న భాగములో పెద్ద లోపము బయటపడినది. జావాలో వ్రాసిన లెక్కలేనన్ని సాఫ్ట్‌వేర్లలో అది ఇమిడి ఉన్నది. ఈ కంట్రోలరులో కూడ. లోపము తెలిసిన దొంగ దూరమునుండియే యంత్రమును తన చేతిలోనికి తీసికొనగలడు. అప్పుడు ఆ సంస్థవారు వెంటనే సరిదిద్దిన కూర్పును విడుదల చేసినారు. మన పాత పెట్టె కూడ దానిని అందుకొన్నది. అప్పటికి దానికి సంరక్షణ ఉన్నది కనుక అందుకొన్నది. అట్టి లోపము మరియొకటి బయటపడిన నాడు? మరమ్మతు రాదు, దీపము మాత్రము యథాప్రకారము వెలుగుచునే ఉండును. కోశాధికారిగారికి నేను చెప్పినది ఇదే. ఆయన ఒప్పుకొన్నారు. ఒప్పుకొన్న తరువాత ఆలస్యము చేసినది నేను. రెండు సంవత్సరములు! కన్వెన్షను అయిన తరువాత అంటిని, క్రిస్మస్ అయిన తరువాత అంటిని, పదవ తరగతి పరీక్షలు కానిమ్మంటిని.

ఇంతలో ఒక రాత్రి వచ్చినది.

గాలివానకు కరెంటు పోయినది, వచ్చినది, మరల పోయినది. పెట్టెకు రక్షణగా ఉండవలసిన యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినది; మార్చుటకు బిల్లు నా బల్లమీదనే ఉన్నది. మొదటి తరము పెట్టెలో సొంత బ్యాటరీ లేదు. లెక్కలు వ్రాయుచున్న గుమస్తా చేతిలోనుండి పుస్తకము లాగివేసినట్లు, డేటాబేసు వ్రాయుచుండగా కరెంటు పోయినది. తెల్లవారకముందు కరెంటు నిలకడగా వచ్చినది గాని కంట్రోలరు లేవలేదు.

ఇక్కడ ఒక సంగతి తెలిసికొనవలెను. కంట్రోలరు పడిపోయినను యాక్సెస్ పాయింట్లు ఆగవు. వాటికి చివరిసారి చెప్పినది జ్ఞాపకము పెట్టుకొని పని చేయుచునే ఉండును. కనుక కార్యాలయములో ఎవరికిని తేడా తెలియలేదు. కాని ఓచరు చీటీతో లోపలికి వచ్చు వాకిలి ఉన్నదే, ఆ పేజీని చూపించునది కంట్రోలరే. అది లేనిచో క్రొత్తగా ఎవరును లోనికి రాలేరు. మన హాస్టలు పిల్లలందరును ఆ వాకిలిగుండానే రావలెను. మరునాడు ఉపకార వేతనముల దరఖాస్తుకు ఆఖరు దినము.

వార్డెనమ్మగారు ఎవరిని నిందింపలేదు. తన ఫోనులోని హాట్‌స్పాట్ తెరచి, హాస్టలు వరండాలో బల్ల వేసి, పిల్లలను ఒక్కొక్కరినే కూర్చుండబెట్టి రాత్రి వరకు దరఖాస్తులు పంపించినారు. ఆధార్ నంబరు ఒకరిది తప్పు, బ్యాంకు పుస్తకము ఒకరిది ఇంటివద్ద. ఆఖరి పిల్ల దరఖాస్తు వెళ్లునప్పటికి రాత్రి 11 దాటినది. నేను ప్రక్కన నిలుచుండి టార్చిలైటు పట్టుకొన్నాను. అంతకు మించి నేను చేయగలిగినది ఏమియు లేదు. ఆ పిల్లలకు ఆ డబ్బు అందకపోయి ఉండిన యెడల, కారణము గాలివాన కాదు. నా బల్లమీది బ్యాటరీ బిల్లు.

ఆ కార్డు సందు సంగతి కూడ చెప్పవలెను. దానిలో మెమరీ కార్డు ఉండిన యెడల కంట్రోలరు తన లెక్కలకు నకలు, అనగా బ్యాకప్, తనంతట తానే వ్రాసికొనును. ఆ రాత్రి ఆశతో సందు చూచినాము. ఖాళీ. విచారింపగా ఆ కార్డు క్రిస్మస్ నాటికను వీడియో తీయుటకు కెమెరాలోనికి వెళ్లినట్లు తేలినది. నాటిక బాగుగానే వచ్చినది. యౌవనస్థులారా, తలలు దించుకొననక్కరలేదు. అడిగినప్పుడు తీసికొనుడని చెప్పినది నేనే.

మన సంఘస్థుల కుమారుడొకడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. అతడు ఫోనులో చెప్పుచుండగా, మన బడి కంప్యూటరు మాస్టరుగారు వ్రాయుచుండగా, డేటాబేసును మరమ్మతు చేసినారు. ఆ డేటాబేసు పేరు మోంగో డీబీ; విరిగినదానిని తానే సరిచేసికొను ఆజ్ఞ దానికొకటి ఉన్నది. రెండవ రాత్రికి కంట్రోలరు లేచినది. లేచిన వెంటనే మొదట చేసిన పని నకలు తీయుట. ఆ నకలు ఒక్కటే ఫైలు; .యుఎన్ఎఫ్ అను తోకతో ముగియును. దానిని రెండు పెన్‌డ్రైవులలో వేసి, ఒకటి నేను, ఒకటి మాస్టరుగారు ఇంటికి తీసికొనిపోయినాము.

నకలు లేకుండ పెట్టె చచ్చిపోయి ఉండిన యెడల ఏమగునో వినుడు. యాక్సెస్ పాయింటును కంట్రోలరు క్రిందికి తెచ్చుకొనుటను వారి భాషలో దత్తత అందురు. ఈ మాట నాకు నచ్చినది. దత్తత తీసికొన్నప్పుడు ఆ రెండింటికి మాత్రమే తెలిసిన తాళపుచెవి యొకటి ఏర్పడును. దాని ప్రతి కంట్రోలరు డేటాబేసులో ఉండును. అది పోయిన యెడల క్రొత్త కంట్రోలరు వచ్చి పిలిచినను ఆ యాక్సెస్ పాయింటు పలుకదు. నిచ్చెన వేసికొని ఎక్కి, సన్నని పిన్నుతో దాని వెనుకనున్న మీటను నొక్కిపట్టి, అది సమస్తము మరచిపోవునట్లు చేసి, మరల మొదటినుండి నేర్పవలెను. పదకొండింటికిని. హైస్కూలు హాలు కప్పు ఎత్తు మీకు తెలిసినదే.

పాత బాప్తిస్మపు రిజిస్టర్లను శతాబ్ది ప్రదర్శనలో మీరందరు చూచినారు. పురుగు కొట్టినను, సిరా వెలిసినను, కన్నున్నవాడు చదువగలడు. బీరువా మారినంత మాత్రమున రిజిస్టరు మారదు. ఈ పెట్టెలో ఉన్నది అట్లు కాదు. దానిని చదువుటకు దానివంటి సాఫ్ట్‌వేరే కావలెను, అదియు పాతదానితో సమానమైన కూర్పో, అంతకంటె క్రొత్తదో అయి ఉండవలెను. క్రొత్త కూర్పులో తీసిన నకలును పాత కూర్పు చదువలేదు. కనుక పెట్టె బ్రదికి ఉండగానే దానిని ఖాళీ చేయుట మేలు. ఈ ఒక్క మాట చెప్పుటకే ఇంతసేపు తీసికొన్నాను.

ఇక మార్చిన సంగతి.

రెండవ తరము పెట్టెనే కొనవచ్చును. దానిలో బ్యాటరీ కూడ ఉన్నది, కరెంటు పోయినచో మర్యాదగా ఆగిపోవును. అయితే బడి లెక్కలకు ఎట్లును ఒక సర్వరు కావలసియుండెను గనుక అదే సర్వరులో దీనిని కూడ పెట్టుదమని నిశ్చయించినాము. ఇంతలో ఒక సంఘస్థులు ప్రేమతో తమ కార్యాలయపు పాత కంప్యూటరును దానమిచ్చినారు. దానిమీద డెబియన్ 12 అను ఉచిత వ్యవస్థను ఎక్కించినాము. అది చక్కగా ఎక్కినది. మోంగో డీబీ మాత్రము లేవలేదు. రెండు సాయంకాలములు తలలు పట్టుకొన్నాము. తుదకు కారణము తెలిసినది. మోంగో డీబీ 5.0 కూర్పు మొదలుకొని ప్రాసెసరులో ఏవీఎక్స్ అను శక్తి ఉండి తీరవలెను. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో అది 2011లో మొదలైనది. ఆ తరువాత కూడ చవుక రకములైన పెంటియం, సెలెరాన్‌లలో చాలవాటికి లేదు. దానమిచ్చిన కంప్యూటరు అంతకంటె పాతది. పాత మోంగో డీబీతో సరిపెట్టవచ్చును గాని, పాతదానినుండి తప్పించుకొనుటకు మరియొక పాతదానిని కట్టుకొన్నట్లగును. ఆ కంప్యూటరు ఇప్పుడు బడిలో పిల్లలు తెలుగు టైపు నేర్చుకొనుటకు వాడబడుచున్నది. ఇచ్చినవారికి ఈ సంగతి నేనే వెళ్లి చెప్పినాను, ఆయన సంతోషించినారు. మీరెవరైనను పాత యంత్రముతో ఈ పని మొదలుపెట్టదలచిన యెడల ముందు ప్రాసెసరు పేరు చూచికొనుడు. అయిదు నిమిషముల పని.

తాళముల కథ మరియొకటి. పెట్టెను మొదట అమర్చిన యువకుడు ఉద్యోగమునకై గల్ఫుకు వెళ్లినాడు. పాస్‌వర్డులు అతనితో పాటు విమానమెక్కినవి. ఒకటి కాదు, మూడు తాళములు: పెట్టెలోనికి పోవుటకు ఒకటి, కంట్రోలరులోనికి ఒకటి, యాక్సెస్ పాయింట్లలోనికి నేరుగా పోవుటకు మరియొకటి. అతని తల్లిగారి ద్వారా నంబరు సంపాదించి అడిగితిమి. రెండు వెంటనే చెప్పినాడు. మూడవది జ్ఞాపకము లేదన్నాడు; కంట్రోలరులోనికి పోయిన తరువాత దాని అమరికల పేజీలోనే కనబడినది. మంచి పిల్లవాడు. అయినను, అతడు ఫోనెత్తకపోయిన యెడల మన గతి ఏమి?

మార్చుటకు శనివారము సాయంకాలము ఎన్నుకొన్నాము. హాస్టలు పిల్లలకు ముందుగానే చెప్పినాము. క్రొత్త సర్వరులో కంట్రోలరును ఎక్కించి, నకలు ఫైలును దానికి తినిపించినాము. పావుగంటలో అన్ని పేర్లు, అన్ని గదులు తెరమీద కనబడినవి. మాస్టరుగారు చప్పట్లు కొట్టినారు. కాని ప్రతి యాక్సెస్ పాయింటు ప్రక్కన "దొరుకుట లేదు" అని ఉన్నది. ఎందుకు? పేర్లు వచ్చినవి గాని, కప్పుమీదివారికి ఎవరును చెప్పలేదు. అవి ఇంకను పాత చిరునామాకే, 8080 అను ద్వారమునకే పోయి తట్టుచున్నవి. ఇల్లు మారినవాడు పోస్టాఫీసులో చెప్పకపోయిన యెడల ఉత్తరములు పాత ఇంటికే పోవును గదా.

దీనికి రెండు మార్గములు ఉన్నవి. పాత పెట్టెను ఆపివేసి, దాని చిరునామానే క్రొత్త సర్వరుకు ఇచ్చుట ఒకటి. తట్టినవారికి తలుపు తీసినవాడు వేరని కూడ తెలియదు. రెండవది, పాత కంట్రోలరు చేతనే "ఇకమీదట ఫలాని చిరునామాకు పొండి" అని చెప్పించుట. మన సర్వరుకు బడి లెక్కలకొరకు వేరే చిరునామా ముందే ఇచ్చియుండుట వలన మేము రెండవది చేసినాము. పాత పెట్టెలో ఆ ఒక్క గడి నింపి భద్రపరచినాము. ఒక్కొక్కటిగా యాక్సెస్ పాయింట్లు క్రొత్తదాని క్రిందికి వచ్చినవి. మూడు, అయిదు, తొమ్మిది, పది. ఎవరును మాటలాడలేదు. పదవది వచ్చిన తరువాత, సంబరముతో పాత పెట్టె తీగ పీకివేసినాము.

పదకొండవది హైస్కూలు వేదిక వెనుక ఉన్నది. ఆ రోజు అక్కడ సున్నము వేయుచున్నారని ఎలక్ట్రీషియను దాని కరెంటు తీసియుంచినాడు. బుధవారము కరెంటు ఇచ్చినప్పుడు అది లేచి పాత ఇంటికి పోయి తట్టినది. అక్కడ ఎవరును లేరు. మాస్టరుగారు నిచ్చెనకు మనిషిని పంపినారు. అప్పుడు నాకు తోచినది: పాత పెట్టె ఇంకను చావలేదు గదా, తీగ మాత్రమే పీకినాము. మరల తగిలించితిమి. కొద్ది నిమిషములలో ఆ పదకొండవది పాత పెట్టెను కనుగొని, క్రొత్త చిరునామా విని, ఇటు వచ్చివేసినది. నిచ్చెన మనిషి నిచ్చెనతోనే తిరిగి వెళ్లినాడు. ఆ తరువాత పాత పెట్టెను నెలరోజులు అట్లే ఉంచినాము. ముందే అట్లు చేయవలసినది.

అన్నియు సరియైనవనుకొన్న ఆ శనివారము రాత్రియే వార్డెనమ్మగారు కబురు పంపినారు: పిల్లలకు ఓచరు పేజీ రాలేదు, తెల్ల కాగితము కనబడుచున్నది. నా గుండె జారినది. క్రొత్త సర్వరుకు మేము పెట్టుకొన్న రక్షణ గోడలో 8080, 8443 ద్వారములు తెరచినాము గాని, ఓచరు పేజీ వచ్చు 8880, 8843 లను తెరువలేదు. కార్యాలయమునకు అవి అక్కరలేదు కనుక మాకెవరికిని కనబడలేదు. మా పరీక్ష అంతయు కార్యాలయములో కూర్చుండి చేసినదే! హాస్టలుకు పోయి, ఒక పిల్ల ఫోనుతో, ఒక చీటీతో చూచియుండిన యెడల ఒక్క నిమిషములో తెలిసియుండెడిది. పాత ఓచర్లను నమ్ముకొనక క్రొత్తవి ముద్రించి ఆదివారము ఆరాధన తరువాత పంచినాము.

ఖర్చు సంగతి కోశాధికారిగారు నివేదికలో చదివెదరు; నేను చెప్పిన యెడల ఆయన పని తీసికొన్నట్లగును. యూపీఎస్ బ్యాటరీ కొన్నామని మాత్రము చెప్పనిండు. నకలు ఫైలు ఇప్పుడు ప్రతి రాత్రి సర్వరు తీయును. నెలకొకసారి మాస్టరుగారు దానిని వేరే కంప్యూటరులో తెరచి నిజముగా తెరచుకొనుచున్నదో లేదో చూచెదరు. క్రిస్మస్ నాటికకు కెమెరా కార్డు వేరుగా కొన్నాము.

డెబియన్ 12 వచ్చినది 2023 జూనులో. దీర్ఘకాల సంరక్షణతో కలిపి 2028 జూను వరకు దానికి మరమ్మతులు వచ్చును. ఆ తరువాత ఇది కూడ పాత పెట్టెయే. కనుక "2028 జనవరిలో చర్చకు తీసికొనవలెను" అని కమిటీ మినిట్స్ పుస్తకములో వ్రాయించినాను. అప్పటికి నేను బదిలీయై వేరొక పాస్టరేటులో ఉందును. నా తరువాత వచ్చు అయ్యగారి కొరకు మూడు పాస్‌వర్డులు, యాక్సెస్ పాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నవో చూపు పటము, సర్వరు చిరునామా ఒక కవరులో పెట్టి, లక్క వేసి, స్థలముల దస్తావేజులు ఉన్న ఇనుప బీరువాలో రెండవ అరలో ఉంచినాము. బీరువా తాళపుచెవి కోశాధికారిగారి వద్ద ఒకటి, వార్డెనమ్మగారి వద్ద ఒకటి ఉన్నది.